సముద్రంలో ఆపద వస్తే 16వ ఛానల్‌లో ‘మే డే’ పిలుపు ఎలా ఇవ్వాలి?



ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకు వీహెచ్‌ఎఫ్ సెట్లు, ఆపద సంకేత పరికరాలు సబ్సిడీపై పొందే వీలుంది. అయితే సెట్టు బోటులో ఉంటే చాలదు. ఆపద వేళ దాంట్లో ఏం చెప్పాలో సరంగుకే కాదు, కళాసీలందరికీ తెలిసుండాలి. సరంగే నీళ్ళలో పడిపోతే పిలిచేదెవరు?

బోటు మునిగిపోతున్నా, మంటలు లేచినా, మనిషి సముద్రంలో పడిపోయినా, అంటే ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉంటే ‘మే డే’ అనాలి. మే నెల పండుగకీ దీనికీ సంబంధం లేదు. ‘నాకు సాయం చేయండి’ అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, ఏ దేశం ఓడకైనా అర్థమవుతుంది. ఇంజను ఆగిపోయింది గానీ ప్రాణభయం లేదు అనుకుంటే ‘పాన్ పాన్’ అని మూడుసార్లు చెప్పి సాయం అడగండి.

సెట్టు ఆన్ చేసి 16వ ఛానల్ పెట్టండి. పవర్ ఎక్కువలో ఉంచండి. మైకు బటన్ నొక్కి పట్టుకుని నిదానంగా ఇలా చెప్పండి:

“మే డే, మే డే, మే డే. ఇది గంగమ్మ తల్లి, గంగమ్మ తల్లి, గంగమ్మ తల్లి బోటు. మే డే, గంగమ్మ తల్లి. మేమున్నది 17 డిగ్రీల 35 నిమిషాలు నార్త్, 83 డిగ్రీల 30 నిమిషాలు ఈస్ట్. బోటులోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి, మునిగిపోతోంది. వెంటనే సాయం కావాలి. ఏడుగురం ఉన్నాం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఓవర్.”

బోటు పేరు, నంబరు మీవి పెట్టుకోండి. చెప్పగానే బటన్ వదిలేయండి. కంగారులో నొక్కే ఉంచితే అవతలివాళ్ళ జవాబు మీకు వినపడదు, ఆ ఛానల్లో ఇంకెవరూ మాట్లాడలేరు కూడా. జవాబు రాకపోతే మళ్ళీ చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం మీరున్న చోటు. బ్యాటరీ మధ్యలో పోయినా, చోటు తెలిస్తే వెతుక్కుంటూ వస్తారు. జీపీఎస్ అంకెలు ఇంగ్లీషులో ఒక్కొక్కటిగా చదవండి, పెద్ద ఓడలవాళ్ళకు అదే అర్థమవుతుంది. మిగతాది తెలుగులో చెప్పినా చుట్టుపక్కల మన బోట్లు అందుకుంటాయి. జీపీఎస్ లేకపోతే డాల్ఫిన్ నోస్ లాంటి గుర్తు చెప్పి, దానికి ఏ దిక్కున ఎన్ని మైళ్ళలో ఉన్నారో చెప్పండి.

వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. అందుకే యాంటెనా ఎంత ఎత్తుంటే అంత దూరం వినిపిస్తుంది. బ్యాటరీని కూడా నీళ్ళు ముందుగా చేరే అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

ఇంకో బోటు ‘మే డే’ మీకు వినపడిందా? మీ మాటలు ఆపి, చెప్పింది రాసుకోండి. ఒడ్డు నుంచి ఎవరూ పలకకపోతే మీరే ‘మే డే రిలే’ అని మూడుసార్లు అని ఆ బోటు వివరాలు అందించండి. ఒడ్డుకు అందని పిలుపు మీ ద్వారా అందుతుంది. చేపల రేట్ల ముచ్చట్లకు 16వ ఛానల్ వాడకండి. సెట్టు పనిచేస్తోందా అని చూడ్డానికి ‘మే డే’ అనకండి, అది నేరం.

ఒడ్డుకు దగ్గరలో ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554కి కూడా చేయండి.

సెట్టు కోసం బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులతో మీ సచివాలయంలోని మత్స్య సహాయకుడిని కలవండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా, బోటు ఒడ్డునున్న ఆ రోజుల్లోనే సెట్టు బిగించుకుని, పై మాటలు కాగితం మీద రాసి సెట్టు పక్కనే అంటించండి.