గుమాస్తా పని మరకు అప్పజెప్పే ముందు

ఎనుమాముల మార్కెట్ యార్డులో, అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తూ తల నెరిసినవాణ్ణి. చిట్టా పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చినా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం మాత్రం పోలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్న పిల్లలకు కోడింగ్ రాదు, రాకపోయినా నడుస్తుంది. వాళ్లకు చెప్పే మాటలివి.

1. పని తెలిసినవాడికే దాన్ని మరకు అప్పజెప్పడం తెలుస్తుంది. మన వరంగల్ నుంచి హైదరాబాద్ రైలెక్కితే దారిలోనే ఆలేరు. ఆ పక్క శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి చీర నేతకు ఆసు పోసేది. ఒక్క చీరకు దారాన్ని దాదాపు 9,000 సార్లు గూటాల చుట్టూ తిప్పాలి. భుజం పడిపోయేది. బడి మధ్యలో మానేసిన ఆ కొడుకే 1992లో మొదలుపెట్టి 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం నిలబెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఇంజినీరు కాడు. తల్లి చెయ్యి ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎరిగినవాడు.

2. ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. వారం పాటు ఏ పని ఎన్నిసార్లు చేశారో గీతలు గీయండి. రోజూ వచ్చేది, ఆలోచన అక్కర్లేనిది ఒక్కటి ఎంచుకోండి. మాకైతే తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే బిల్లు. తూకం, ధర, హమాలీ, దడవాయి కూలి, చివరికి రైతు చేతికొచ్చేది. ఏడాదికి రెండుసార్లు వచ్చే పనికి తంటాలు పడకండి, చేత్తో చేసుకోవడమే మేలు.

3. పట్టిక శుభ్రంగా ఉంటేనే మర మాట వింటుంది. ఒక రైతు తెచ్చిన సరుకుకు ఒక వరుస, ఒక్కో గడిలో ఒకే సంగతి. ఒకరు ‘గీసుగొండ’ అని, ఇంకొకరు ‘గీసుకొండ’ అని కొడితే మనకు ఒకే ఊరు, ఎక్సెల్‌కు రెండూళ్లు. నెలాఖరు మొత్తం రెండు ముక్కలవుతుంది. అందుకే ఊరి పేరు టైపు చేయనివ్వకుండా, డేటా వ్యాలిడేషన్‌తో జాబితా పెట్టి ఎంచుకోమనండి.

4. చిన్న పనిముట్టుతో అయ్యేదానికి పెద్దది తీయకండి. కూడికలు, తీసివేతలకు ఫార్ములా చాలు. ఒకే ఉత్తరం వందమందికి పోవాలంటే మెయిల్ మెర్జ్. ‘మార్కెట్ సెలవు ఎప్పుడు?’ అని అందరూ అడిగేదానికి వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై. ఇవన్నీ చేతికొచ్చాకే రికార్డ్ మాక్రో. మీరు నొక్కినవన్నీ అది గుర్తుపెట్టుకుని మళ్లీ చేస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు. పని ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో జరగాలంటే రికార్డుకు ముందే రిలేటివ్ రిఫరెన్సెస్ నొక్కాలి, లేదంటే రోజూ అదే గడి మీదికి పోతుంది. ఫైలును మాక్రో ఉండే రకంగా సేవ్ చేయకపోతే రికార్డు చేసిందంతా గాలికి పోతుంది.

5. మిర్చి ముమ్మరంగా వచ్చే ఎండాకాలంలో కొత్త ప్రయోగాలు వద్దు. వానలు పడి యార్డు సద్దుమణిగాక మొదలుపెట్టండి. కొన్నాళ్లు పాత పద్ధతినీ పక్కనే నడపండి. గుమాస్తా తప్పు చేస్తే ఒక్క రైతు బిల్లు తప్పుతుంది. ఫార్ములాలో తీసేసే ఖాళీ బస్తా బరువు ఎక్కువ పడితే వచ్చిన ప్రతి రైతుకూ కోత పడుతుంది, అదీ చక్కగా అచ్చయి! అందుకే రోజూ నాలుగు బిల్లులు చేత్తో లెక్కేసి సరిచూడండి.

6. కొన్ని పనులు అప్పజెప్పకూడదు. కాయ తేమ, రంగు, ధర దగ్గర వచ్చే పేచీ మనుషులు తేల్చాల్సినవి. డబ్బు పంపే ముందు చివరి చూపు కూడా మనిషిదే. చేసినదంతా ఎలా నడుస్తుందో ఒక కాగితం మీద రాసి, ఇంకొకరికి నేర్పండి. మీరు పెళ్లికి పోయిన రోజు దుకాణం ఆగకూడదు.

7. మిగిలిన గంట ఎవరిదో ముందే తేల్చుకోండి. ఆసు యంత్రం వచ్చాక ఆడవాళ్ల భుజాలకు ఊపిరి ఆడింది. మన దగ్గర మాత్రం గంట మిగిలిందని తెలియగానే సేటు మరో పని తెచ్చి ముందు పెడతాడు. ఆ గంటలో సగమైనా, బిల్లు అర్థం కాక కిటికీ దగ్గర నిలబడ్డ రైతుకు లెక్క విడమరిచి చెప్పడానికి వాడనిస్తానని మొదటిరోజే ఆయన దగ్గర మాట తీసుకోండి.