వన్నెతో వచ్చిన వణకు



జీవనోపాధికై చేయు ప్రతి పనియు కాయకమగునా? చెమటోడ్చినంత మాత్రమున ఆ పని శుద్ధమైనదని చెప్పవచ్చునా, లేక దాని ఫలము ఎవరిమీద పడుచున్నదో కూడ చూడవలయునా? సత్యశుద్ధ కాయకమును గూర్చి చదువుకొను మన పిల్లలు ఈ ప్రశ్న వేయక మానరు. ఈ పాఠమున దానిని దూరదేశపు ఉదాహరణముతో పరిశీలింతము. అమెరికాలోను, ఐరోపాలోను అనేకులు కొండచిలువలను ఇండ్లలో పెంచి, గ్రుడ్లు పొదిగించి, పిల్లలను అమ్ముచుందురు. వానిలో ఒక రకమును గూర్చి ఆ వృత్తివారి నడుమనే బహుకాలముగా వాదము జరుగుచున్నది. ఆ వాదమునుండి మనము నేర్వదగినది కలదు.

1. పావురముల వేడుక

దోషమును వేడుకగా పెంచుట క్రొత్త సంగతి కాదు. అక్బరు కాలమున అబుల్ ఫజల్ రచించిన ఐన్-ఇ-అక్బరీలో ‘లోటన్’ అను పావురముల ప్రస్తావన కలదు. అట్టి పావురమును చేతబట్టి కొంచెము కుదిపి నేలపై విడిచినచో అది తలక్రిందులుగా పల్టీలు కొట్టును. చార్లెస్ డార్విన్ 1868లో ప్రచురించిన గ్రంథమున ఈ భారతదేశపు పావురములను వర్ణించి, పట్టుకొని ఊరడించువరకు అవి దొర్లుచునే యుండునని తెలిపెను. చూచువారికి అది వినోదము. పావురమునకు మాత్రము తన శరీరము తన స్వాధీనమున లేని స్థితి. ఈ గుణము తల్లిదండ్రులనుండి సంతతికి సంక్రమించును గనుకనే మనుష్యులు దానిని తరతరములుగా నిలుపగలిగిరి. ఇప్పుడు చెప్పబోవు పాము కథయు ఇట్టిదే. అయితే పావురముల విషయమున దొర్లుటనే కోరి పెంచిరి. పాము విషయమున కోరినది అందమును. తూలుడు దాని వెంట వచ్చినది.

2. బాల్ పైథాన్ అనగా నేమి?

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశముల కొండచిలువ. ఘానా, టోగో, బెనిన్ దేశములనుండి ఇది విశేషముగా ఎగుమతి యైనది. దీనికి విషము లేదు. పెరిగిన పాము సాధారణముగా మూడునుండి ఐదడుగుల పొడవుండును. బెదరినపుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొనును గనుక ఆ పేరు వచ్చినది. ఆడుపాము కొద్దిపాటి గ్రుడ్లు మాత్రమే పెట్టి, వానిని చుట్టుకొని రెండు నెలలు కాచును. మంచి పోషణ యున్నచో ఈ పాము ఇరువది, ముప్పది యేండ్లు బ్రతుకును. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో అరువది యేండ్లు దాటిన ఆడుపాము 2020లో గ్రుడ్లు పెట్టినది.

అడవిలోని పాము ముదురు గోధుమవర్ణముపై లేత మచ్చలు గలిగి యుండును. అప్పుడప్పుడు వేరు వన్నె గల పాములు పుట్టును. 1992లో తెల్లని, పసుపు వన్నెల అల్బినో పిల్లలు పెంపకమున పుట్టిన నాటనుండి క్రొత్త వన్నెలపై మోజు పెరిగినది. ఈ రకములను ‘మార్ఫ్’లందురు. 1999లో ఆఫ్రికానుండి అమెరికాకు వచ్చిన ఒక పాముపై నల్లని సన్నగీతలు సాలెగూటివలె అల్లుకొని యుండెను. దానికి ‘స్పైడర్’ అని పేరిడిరి. మొదట దాని సంతతికి గొప్ప ధర పలికినది.

3. తూలుడు

కొంత కాలమునకు పెంపకదారులు ఒక సంగతి గమనించిరి. స్పైడర్ పాముల తల వణకుచుండును. కొన్ని పాములు మెడను మరమేకువలె మెలిద్రిప్పును. కొన్ని ఎరను కాటువేయబోయి గురి తప్పును. వెల్లకిల పడినపుడు తిరిగి బోర్లపడుటకు తడబడును. ఆహారము చూచినపుడును, చేత పట్టుకొనినపుడును, బెదరినపుడును ఈ లక్షణములు హెచ్చగును. దీనిని ఆంగ్లమున ‘వాబుల్’ అందురు. మనము తూలుడు అనుకొందము. అన్ని పాములలో ఇది ఒకే తీరున నుండదు. ఒకదానిలో కనబడీ కనబడనట్లుండును, మరొకదానిలో నిలువనీయకుండ బాధించును. స్పైడర్ ఒక్కటే కాదు. వోమా, షాంపేన్ అను రకములలోను ఇట్టి దోషము కలదు.

4. కారణము

స్పైడర్ గుణమును కలిగించు జన్యువు ప్రబలమైనది. తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్క ప్రతి వచ్చిన చాలును, పిల్ల స్పైడర్ అగును. స్పైడర్ పామును సాధారణ పాముతో జతపరచినచో సగటున సగము పిల్లలు స్పైడర్‌లగును. రెండు స్పైడర్‌లను జతపరచినచో, లెక్కప్రకారము నాలుగింట ఒక పిల్లకు ఆ జన్యువు రెండు ప్రతులు రావలెను. అట్టి పిల్ల బ్రతికి పెరిగినట్లు నిర్ధారణ కాలేదు. రెండు ప్రతులు వచ్చిన పిండము నిలువదని పెంపకదారులు భావింతురు.

తూలుడు ఎక్కడ పుట్టుచున్నది? పాముకు బయటి చెవి లేకున్నను లోచెవి కలదు. అందులో ద్రవముతో నిండిన అర్ధవృత్తాకార నాళికలు మూడు తల త్రిప్పుటను గ్రహించును. దాని ప్రక్కనున్న చిన్న సంచులు క్రింది దిక్కేదో, మీది దిక్కేదో తెలుపును. 2022లో జర్మనీకి చెందిన పరిశోధకులు స్పైడర్ పాముల తలలను సూక్ష్మమైన ఎక్స్‌రే చిత్రములతో పరిశీలించి, ఈ నాళికలును, సంచియు వికృతరూపమున నున్నట్లు కనుగొనిరి. అనగా ఆ పాముకు తన తల ఏ దిక్కున నున్నదో సరిగా తెలియదు.

వన్నెకును చెవికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. పిండదశలో నాడీశిఖరము అను కణసమూహము నుండి వర్ణకణములు పుట్టును. వానిలో కొన్ని చర్మమునకును, కొన్ని లోచెవికిని చేరును. నీలికన్నులు గల తెల్లపిల్లులలో చెవుడు తరచుగా కనబడుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. స్పైడర్ పాములోను ఇట్టి సంబంధమే యుండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంతురు.

5. పెంపకదారుల వాదములు

పెంపకదారులందరు క్రూరులు కారు. పాములను ప్రేమించి, వాని వేడిమిని, తేమను కనిపెట్టి చూచువారే వారిలో అనేకులు. కావున వారి మాటలను శ్రద్ధగా వినవలయును.

మొదటి వాదము: “తక్కువ తూలుడు గల పాములనే ఎన్నుకొని జతపరచినచో దోషము క్రమముగా పోవును.” ఇది న్యాయముగనే తోచును. కాని తక్కువగా తూలు తల్లికి మిక్కిలి తూలు పిల్లలు పుట్టుట కలదు. తల్లిదండ్రులను చూచి పిల్ల స్థితి చెప్పుటకు వీలులేదు. ఇరువది యేండ్లకు పైగా పెంచినను తూలుడు లేని స్పైడర్ వంశము స్థిరపడలేదు. గీతలు కావలయునన్నచో తూలుడును స్వీకరింపవలసినదే.

రెండవ వాదము: “ఆ పాము తినుచున్నది, పెరుగుచున్నది, గ్రుడ్లు పెట్టుచున్నది, కనుక దానికి బాధ లేదు.” ఆకలిగొన్న ప్రాణి బాధలోను తినును. పాముకు అరచుటకు గొంతు లేదు, ముఖమున దుఃఖము చూపుటకు కండరములు లేవు. దాని మౌనమును మనకు అనుకూలమైన సాక్ష్యముగా తీసికొనుట తగదు. ఎరను పట్టుటకును, తలయెత్తి నిలుచుటకును ఏర్పడిన ఇంద్రియమే చెడిపోయినదని తెలిసిన పిమ్మట, బాధ లేదని నిరూపింపవలసిన భారము ఆ పామును పుట్టించువానిపై నున్నది.

మూడవ వాదము: “ఇప్పుడున్న పాములను ఏమి చేయుదుము? చంపుదుమా?” చంపనక్కరలేదు. స్పైడర్ జన్యువు ప్రబలమైనది గనుక దాగియుండదు. స్పైడర్ పాముకు పుట్టిన పిల్లలలో ఆ గీతలు లేనిది ఆ జన్యువును మోయదు. దాని సంతతిలో తూలుడు తిరిగి తలయెత్తునను భయము లేదు. కనుక స్పైడర్‌లను జతపరచుట మానినచో చాలును. ఉన్న పాములు తమ ఆయువు నిండువరకు పోషింపబడి, వానితోనే ఈ దోషము ముగియును. దాగియుండు జన్యువులవలన కలుగు రోగములయందు ఇంత సులభమైన మార్గము దొరకదు.

6. లోకము ఏమి చేసినది?

జర్మనీ దేశపు జంతుసంరక్షణ చట్టమున 11బి సెక్షను, సంతతికి బాధ కలిగించు పెంపకమును నిషేధించుచున్నది. బ్రిటన్‌లో ఒక సరీసృప ప్రేమికుల సంఘము 2018లో తన ప్రదర్శనలలో స్పైడర్ పాముల విక్రయమును మాన్పించెను. మరికొన్నిచోట్ల విక్రయము సాగుచునే యున్నది. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందపు రెండవ అనుబంధమున నున్నది. మన దేశమున 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టి విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు నమోదు చేయించుకొనవలయును. అయినను బ్యాంకాక్‌నుండి చెన్నై విమానాశ్రయమునకు పెట్టెలలో దాచి తెచ్చిన బాల్ పైథాన్‌లను సుంకపు అధికారులు పట్టుకొనుచున్నారు. వింతవన్నెలపై కోరిక మన ఇండ్లకు దూరమున లేదు.

7. పాఠసారము

1999లో ఆ మొదటి పామును చూచి మురిసినవానికి దాని లోచెవి సంగతి తెలియదు. తెలియక చేసిన పనికి అతనిని నిందింపరాదు. 2022 నాటి చిత్రములను చూచిన పిమ్మట అదే పని చేయువాని స్థితి వేరు. వాడు ఒక పిల్లను పొదిగించునపుడు, తూలుచు గడుపు ఇరువది, ముప్పది యేండ్ల జీవితమును తెలిసి ఇచ్చుచున్నాడు. పామును శుభ్రముగా ఉంచుట, వేళకు మేపుట, ప్రేమించుట ఇవన్నియు మంచివే. కాని అవి ఆ మొదటి నిర్ణయమును శుద్ధి చేయజాలవు. మనము చేయు కాయకము ఏదైనను, అందులో పుట్టించునది, అమ్మునది, అప్పగించునది మరియొక ప్రాణి భరించునదే యైనచో, ఈ పరీక్షకు దానిని గూడ నిలుపవలయును.

విచారణకు ప్రశ్నలు

1. లోటన్ పావురమునకును, స్పైడర్ పాముకును గల సామ్యమేమి? భేదమేమి?
2. దోషము తెలియక ముందును, తెలిసిన పిమ్మటను ఒకే పని ఒకే తీరున లెక్కింపబడునా?
3. ప్రబల జన్యువువలన కలుగు దోషమును ఎవరినీ చంపక అంతము చేయుట ఎట్లు?
4. మన ఇండ్లలోని పశువులు, కుక్కలు, పక్షుల విషయమున అందమునకై బాధను పెంచుచున్న సందర్భములు గలవా? పెద్దలతో కూర్చుండి విచారింపుడు.