పరాయి కంటికి మన పిల్లలు

సమస్య

ఖమ్మం నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఆరేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు. పిల్లల ఫొటోల్లో బాగున్నవి ఏరి ఒక ప్రదర్శనకు పంపితే ఒక్కటీ ఎంపిక కాలేదు. ఇంటి ఆల్బమ్‌కైతే బాగుంటాయన్నారట. అమ్మమ్మ, నానమ్మ మురిసిపోయిన ఫొటోలు బయటివాళ్లకు ఎందుకు నచ్చలేదు, మంచి కెమెరా కొనాలా అని ఆమె అడుగుతున్నారు.

సలహా

కెమెరా కొనక్కర్లేదు. అమ్మమ్మకు ఫొటోలో మనవరాలు కనబడితే చాలు. ఆ పాపెవరో తెలియని మనిషి మాత్రం అక్కడేం జరుగుతోందా అని చూస్తాడు. ఉత్తరంతో వచ్చిన ఫొటోలన్నిటిలోనూ పిల్లలు కెమెరావైపు తిరిగి నవ్వుతున్నారు, అంతే.

ముఖాలే కనిపించకుండా పరాయి కంటిని ఆపిన ఫొటో ఒకటుంది. అమెరికా ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1945లో ఒకినావా యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడ్డారు. చాలాకాలం కెమెరా ముట్టలేకపోయారు. 1946లో మళ్లీ పట్టుకున్నప్పుడు తీసింది తన పిల్లలనే: చెట్ల చీకటిలోంచి వెలుతురులోకి నడుస్తున్న కొడుకు, కూతురు. ఇద్దరి వీపులే కనిపిస్తాయి. 1955లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్ ఏర్పాటుచేసిన ‘ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ప్రదర్శనలో 503 ఫొటోలుంటే, ముగింపుకు ఆయన ఎంచుకున్నది దీన్నే. ముఖాలు కనబడవు కాబట్టి చూసేవాళ్లు ఆ ఇద్దరిలో తమ పిల్లలను చూసుకోగలిగారు.

ఫ్రాన్స్‌లో లార్టీగ్ అనే ఫొటోగ్రాఫర్ చిన్నవాడిగా ఉన్నప్పుడే మెట్ల మీంచి ఎగిరే బంధువులను, ఆటబండ్లలో దూసుకెళ్లే అన్నను ఫొటోలు తీశాడు. ఆ ఇంటి ఫొటోలు 1963లో న్యూయార్క్‌లో ఒక మ్యూజియం గోడెక్కాయి.

పోజు పెట్టించడమే తప్పని కాదు. భారతీయ ఫొటోగ్రాఫర్ ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తన కూతుళ్లు అమృత, ఇందిరలను కుదురుగా నిలబెట్టే ఎన్నో ఫొటోలు తీశారు. వాటిల్లో వాళ్ల దుస్తులు, గది, ఆ కాలం అన్నీ ఉన్నాయి.

ఈ తల్లి ముందుగా “నవ్వమ్మా” అనడం మానాలి. నేలమీద కూర్చుని పిల్లల కళ్ల ఎత్తులో ఫోన్ పట్టాలి. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుగులో తీయాలి. తమ్ముడి చొక్కా గుండీలు తప్పుగా పెడుతున్న అక్క, సీతాఫలం గింజలు ఉమ్ముతున్న పిల్లాడు, ఇలాంటివి ఏ ఊరివాళ్లయినా ఆగి చూస్తారు. మంచం మీది బట్టల కుప్పను సర్దక్కర్లేదు, అది ఆ ఇంటి కథే చెబుతుంది. పాప తలకు ఆనుకున్నట్టుండే స్విచ్‌బోర్డును మాత్రం ఫ్రేములోంచి తప్పించాలి.

ఇంకొక్క మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. స్నానం ఫొటోలు, స్కూలు బ్యాడ్జి, ఇంటి నంబరు కనిపించేవి గడప దాటకూడదు. ఆరేళ్ల పాపకు ఆ ఫొటో ఎవరెవరు చూస్తారో చెప్పి అడగాలి. పాప వద్దంటే, బహుమతి వచ్చేదే అయినా పంపకూడదు.