ఊరితో చుట్టరికం

పోయిన వేసవిలో మా నాన్న ఊరి నుంచి హైదరాబాద్ వచ్చారు. తెల్లారగట్లే లేచి మొహం కడుక్కుంటూ, కుళాయి వైపు చూసి, "ఈ నీళ్లు ఏ చెరువువిరా?" అని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. ఈ నగరానికి వచ్చి పదమూడేళ్లయింది. ఏ మాల్‌లో ఏ అంతస్తులో ఏ దుకాణం ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏ హోటల్ బిర్యానీ ఎలా ఉంటుందో గంటసేపు మాట్లాడగలను. రోజూ తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో మాత్రం చెప్పలేకపోయాను. నాన్న నవ్వి, "అయితే పదమూడేళ్ల నుంచీ ఇక్కడ చుట్టపుచూపుగానే ఉంటున్నావన్నమాట" అన్నారు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. మహానగరాల్లో మనలో చాలామందిమి అలాగే ఉంటున్నాం. ఇల్లు, ఆఫీసు, మధ్యలో ట్రాఫిక్, శని ఆదివారాలు వస్తే మాల్, సినిమా, ఓటీటీ. అద్దె కడతాం, పన్ను కడతాం. ఊరితో చుట్టరికం మాత్రం కలుపుకోం. చుట్టరికం లేనిచోట బాధ్యత పుట్టదు. అది ఉన్నచోట బాధ్యతగా ఉండమని ఒకరు చెప్పక్కర్లేదు. మేనత్త ఇంటి వాకిట్లో మనం చెత్త పడేస్తామా?

వ్యక్తిత్వ వికాసం అంటే వేదిక మీద ధాటిగా మాట్లాడటం, ఇంటర్వ్యూలో నెగ్గడం మాత్రమే కాదు. తానున్న చోటుతో, చుట్టూ ఉన్న మనుషులతో, నీళ్లతో, చెట్లతో బంధం పెంచుకోగలగడం కూడా వ్యక్తిత్వమే. ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఆ పని మొదలుపెట్టే తీరిక వారాంతంలోనే దొరుకుతుంది.

ఒక కొత్త పేరు

ఆదివారం రాత్రి పడుకునే ముందు నన్ను నేను ఒకే ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ రెండు రోజుల్లో ఈ ఊరికి సంబంధించి కొత్తగా ఒక పేరు తెలుసుకున్నానా? అది ఒక చెట్టు పేరు కావచ్చు, పక్షి పేరు కావచ్చు, ఒక కళాకారుడి పేరో, కూరగాయలమ్మే రైతు సొంతూరి పేరో కావచ్చు. మనం పేరు పెట్టి పిలవగలిగినదాన్ని అంత తేలిగ్గా మరిచిపోలేం, పాడుచేయలేం.

నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మొదటి ఆదివారం అందరం గండిపేట వెళ్లాం. ఆ నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి వెళ్లరని ఇక్కడి పెద్దలు అంటుంటారు. ఆ చెరువు వెనక పెద్ద దుఃఖం ఉందని నాకు అప్పుడే తెలిసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది పోయారు. మళ్లీ అలాంటి వరద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట అని పిలుచుకునేది ఉస్మాన్‌సాగర్‌నే. ఇవాళ నగరానికి ఆ రెండే చాలవు. మంజీరతో పాటు కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి గొట్టాల్లో ఎత్తిపోసి తెస్తున్నారు.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ వరద రోజున దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ మరుసటి వారం మా అమ్మాయిని తీసుకెళ్లి ఆ చెట్టు చూపించాను. దాని మొదలు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చాక కుళాయి కట్టేయమని దానికి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నీటి పొదుపు గురించి అంతకుముందు నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నీ చేయలేని పనిని ఆ రెండు ఆదివారాలూ చేశాయి.

మరిచిపోయిన బావి

సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. 17వ శతాబ్దం నాటిదంటారు. ఒకప్పుడు చుట్టుపక్కల బస్తీల దాహం తీర్చిన బావి అది. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక దానివైపు చూసేవాళ్లు లేకపోయారు. తర్వాత దశాబ్దాల తరబడి అందులో చెత్త పడుతూనే ఉంది. చివరికి అక్కడొక బావి ఉందన్న సంగతే మట్టి కింద పూడిపోయింది. వాననీటి సంరక్షణ కోసం పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు, వాస్తుశిల్పులు, అధికారులు, స్థానికులు కలిసి ఆ చెత్తనంతా తోడి, రాయి రాయి సరిచేసి, 2022 డిసెంబరులో మళ్లీ జనం ముందుకు తెచ్చారు. ఇప్పుడు మెట్లు దిగి చూస్తే అడుగున నీళ్లు కనిపిస్తాయి.

ఆ బావిని పూడ్చినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. మనలాంటివాళ్లే. దాంతో చుట్టరికం తెగిపోయింది, అంతే. మరిచిపోయిన ప్రతి బావీ ఏదో ఒకరోజు చెత్తకుండీ అవుతుంది. చెరువులకైనా, పార్కులకైనా, మనుషుల మధ్య స్నేహాలకైనా ఇదే జరుగుతుంది.

చేవెళ్ల దారిలో దీనికి పూర్తిగా భిన్నమైన కథ నడిచింది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే ఆ రోడ్డుకు ఇరువైపులా వందలాది మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరంలోని ప్రకృతి ప్రేమికులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ దారిన వెళ్లి చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు, వివరాలు నమోదు చేశారు, జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. సెలవు రోజున కారు నీడలో ఆపి ఫొటో దిగడం, అదే చెట్టును లెక్కలో రాసుకోవడం, రెంటికీ పట్టేది కొద్ది నిమిషాలే. మనిషిలో వచ్చే మార్పు మాత్రం వేరు.

వినోదం ఎదురుగా కూర్చుంటే

వారమంతా అలసిపోతాం. వినోదం కావాలి, అందులో తప్పేమీ లేదు. శనివారం పొద్దెక్కేదాకా నిద్రపోవాలనిపిస్తే పడుకోండి. ఆ తర్వాత మిగిలే గంటల్లో ఒక్క సాయంత్రం మాత్రం తెర ముందు కాకుండా మనిషి ఎదుట కూర్చోండి.

1961లో తలుపులు తెరిచిన రవీంద్రభారతి ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ పాటకచేరీలకు, నాటకాలకు టికెట్ లేని సాయంత్రాలు ఎన్నో. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి కవిత్వానికీ సంగీతానికీ చర్చలకూ చోటిస్తోంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు 'మాయాబజార్' వేస్తే తప్పకుండా పిల్లల్ని తీసుకెళ్లండి. గ్రాఫిక్స్ ఏమీ లేకుండా, తాళ్లతో, తెరలతో, దీపాలతో కళ్లముందే మాయ జరుగుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆటయ్యాక తెరవెనక్కి వెళ్లి ఘటోత్కచుణ్ని పలకరించవచ్చు. అతని పేరేమిటో అడగండి. ఆ వారానికి అదే మీ కొత్త పేరు.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ నిండా పాతపుస్తకాలు పరుచుకుంటాయి. అక్కడికి మెట్రోలో వెళ్లొచ్చు. కారు ఇంటి దగ్గరే ఉంటుంది, పార్కింగ్ గోల తప్పుతుంది, ఒకరు చదివిన పుస్తకం మరొకరి చేతికి వస్తుంది. పర్యావరణం కోసం త్యాగం చేస్తున్నామన్న భారం ఎక్కడా ఉండదు.

వంటింట్లో మొదలయ్యే పచ్చదనం

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారులు లేకుండా రైతే తెచ్చి అమ్ముకునే చోటు అది. మెహదీపట్నమో, ఎర్రగడ్డో, కూకట్‌పల్లో, మీకు దగ్గరున్నదానికి ఆదివారం పొద్దున్నే గుడ్డసంచీ పట్టుకుని వెళ్లండి. ఏ కాలంలో ఏది పండుతుందో అక్కడ తెలుస్తుంది. ఎండలు మొదలయ్యే వేళ చింతచిగురు, వానలు పడ్డాక బోడకాకర, సంక్రాంతి ముందు రేగుపండ్లు. అన్నీ అన్ని కాలాల్లోనూ దొరకాలన్న ఆరాటం తగ్గడం కూడా ఒక పరిణతే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉంటుంది. మాంసం కొట్టుకు స్టీలు గిన్నె పట్టుకెళ్లే అలవాటు మాత్రం మనమే చేసుకోవాలి.

ఇంటికి తెచ్చిన కూరల తొక్కలతో ఎరువు చేయడం మొదలుపెట్టండి. అడుగునా పక్కలా చిల్లులున్న మట్టికుండ ఒకటి చాలు. అడుగున ఎండుటాకులు పరిచి, రోజూ తొక్కలు వేసి, పైన గుప్పెడు ఎండుటాకులో కొబ్బరిపీచు పొట్టో చల్లాలి. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఎండుటాకులు వేస్తే సరి. రెండు మూడు నెలలకు అది నల్లటి మట్టిలా మారి, తొలకరి వాసన వేస్తుంది. మీట నొక్కగానే అన్నీ వచ్చే కాలంలో ఇన్ని రోజులు ఎదురుచూసి సాధించే పని ఇంకేముంది? ఓర్పు నేర్పే తరగతి గది ఆ కుండే. తర్వాత నాలుగు తొట్లలో తోటకూర, మెంతికూర వేసుకుంటే మిద్దెతోట మొదలైనట్టే.

అందరికీ వారాంతం ఉందా?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో శని ఆదివారాలు ఆడవాళ్లకు సెలవు కాదు, రెట్టింపు పని. అందరూ ఇంట్లో ఉంటారు, టిఫిన్లు ఎక్కువ, ఉతికేవి ఎక్కువ. దానికితోడు తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు చేయడం, సంచులు ఉతకడం కూడా వాళ్ల నెత్తినే పెడితే అది పచ్చదనం అనిపించుకోదు. ఎరువుకుండ బాధ్యత ఇంటి మగవాళ్లు తీసుకోవాలి. బజారు పని పిల్లలతో కలిసి చేయాలి. ఇంటి ఇల్లాలికి కచేరీకి వెళ్లే తీరిక దొరికిన రోజే ఆ ఇంట్లో వారాంతం వచ్చినట్టు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం చూసిరావడానికి ఒక్క చోటు ఎంచుకోండి. వచ్చే వారం ఒక కళాకారుణ్ని ఎదురుగా కూర్చుని వినండి. ఆ తర్వాతి వారం కుండ కొనండి. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. అంటే యాభై రెండు కొత్త పేర్లు. అన్ని పేర్లు తెలిసినవాడు ఆ ఊళ్లో పరాయివాడిగా ఉండలేడు.

నాన్న మళ్లీ సంక్రాంతి తర్వాత వస్తానన్నారు. ఈసారి ఆయన అడక్కముందే మా కుళాయి నీళ్ల కథ చెప్పాలని మా అమ్మాయి కాచుకుని కూర్చుంది. మరి మీ ఇంటి కుళాయిలో నీళ్లు ఎక్కడివి? ఈ ఆదివారం వెళ్లి చూసి రండి.