అర్చామూర్తి - అలంకార ప్రతిమ

మన గృహములలో ప్రతిమలు రెండు తావుల నుండును. పూజామందిరములోని మూర్తికి ధూపదీప నైవేద్యములు జరుగును. అద్దాల బీరువాలోని బొమ్మకు దుమ్ము తుడుచుట మాత్రము జరుగును. రెండింటిని చెక్కినవాడు ఒకే శిల్పి కావచ్చును. మరి భేద మెక్కడ నున్నది? పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున జపాను శిల్పుల జీవితములలో ఈ ప్రశ్న ప్రత్యక్షముగా నిలిచినది. ఆ వృత్తాంతము మన మెరుగదగినది.

ఆ దేశమున బుద్ధవిగ్రహములను చెక్కు విద్య గురుశిష్య పరంపరగా వచ్చినది. విగ్రహము పూర్తియైన పిమ్మట 'కైగెన్' అను నేత్రోన్మీలన సంస్కారము జరుగును. క్రీ.శ. 752లో నారా నగరమందలి తోదైజీ ఆలయమున మహాబుద్ధ విగ్రహమునకు ఈ సంస్కారమును నిర్వహించినవాడు భారతదేశము నుండి వెళ్ళిన బోధిసేనుడను భిక్షువు. మన ఆగమములలోని నయనోన్మీలనము నెరిగినవారికి ఇది పరాయిదిగా తోచదు.

1868లో మెయిజీ ప్రభుత్వము షింతో ఆలయములను బౌద్ధము నుండి వేరుచేయుచు శాసనము చేసెను. దాని వెంట పెక్కు ప్రాంతములలో బౌద్ధాలయములు ధ్వంసమయ్యెను. విగ్రహశిల్పులకు పని కరవైనది. 1876లో బహిరంగముగా కత్తి ధరించుట నిషేధింపబడగా, కత్తుల నలంకరించు లోహశిల్పులకును అదే గతి పట్టినది. పాశ్చాత్య వస్త్రధారణ వ్యాపించిన కొలది, నడికట్టునకు సంచిని వ్రేలాడదీయుటకై వాడు 'నెత్సుకె' అను చిన్న చెక్కడపు బొమ్మలకును గిరాకి తగ్గెను.

వీరిలో పలువురిని ఆదుకొన్నది 'ఒకిమోనో'. ఆ మాటకు 'ఉంచు వస్తువు' అని యర్థము. దంతముతో, కొయ్యతో, కంచుతో చేసిన జాలరి, రైతు, తల్లీబిడ్డలు, కోతి, కోడి మొదలగు చిన్న ప్రతిమలివి. 1873లో వియన్నాలోను, 1876లో ఫిలడెల్ఫియాలోను, 1878లో పారిస్‌లోను జరిగిన ప్రదర్శనలలో జపాను శిల్పకళను చూచి ముగ్ధులైన పాశ్చాత్యులు ఇట్టి బొమ్మలను కొని తమ యిండ్ల నలంకరించుకొనిరి. ఉలి నిలిచినది, ఉద్దేశము మారినది.

ఆ కాలపు శిల్పులలో తకమురా కోఉన్ (1852-1934) స్మరింపదగినవాడు. బాల్యముననే విగ్రహశిల్పి యొకని శిష్యుడైన ఇతడు, దంతపు బొమ్మలకు గిరాకి హెచ్చిన దినములలోను కొయ్యను విడువలేదు. టోక్యోలోని ఒక ఆలయమున నున్న అవలోకితేశ్వర ప్రతిమలను, పూతలోని బంగారము కొరకు కాల్చుటకై అమ్మివేసినపుడు, ఇతడు పరుగున పోయి ఐదింటిని కాపాడెను. అందొకదానిని తన ఆరాధ్యమూర్తిగా నుంచుకొనెను. తరువాత 1889లో టోక్యో లలితకళా పాఠశాలలో ప్రవేశించి శిల్పవిద్యను బోధించెను. 1893 చికాగో ప్రదర్శనలో ఇతని 'ముసలి కోతి' దారుశిల్పము బహుమతి పొందెను. స్వామి వివేకానందులు ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగినదియు ఆ ప్రదర్శన సందర్భముననే.

ఉదరపోషణకై బొమ్మలు చెక్కిన చేయియే ఉపాసనకై మూర్తిని కాపాడుకొన్నది. కావున భేదము ఉలియందు లేదు, కొయ్యయందు లేదు. సంస్కారమునందును, ఆరాధనయందును ఉన్నది. అట్లని అలంకార ప్రతిమను తృణీకరింపరాదు. ఆలయాదరణ కొరవడిన కాలమున ఆ విద్యకు అన్నము పెట్టినది ఆ చిన్న బొమ్మయే. ఐనను ఆ దంతము కొరకు ఏనుగులు ప్రాణములు కోల్పోయిన సంగతి మరువరాదు.

మన యూరిలోను వాహనములు, విగ్రహములు చెక్కు శిల్పులు కలరు. బొమ్మ కొనుటతో తృప్తిపడక, వారికి దేవుని పని కల్పించుట కూడ కైంకర్యమేనని ఆస్తికులు గ్రహింతురు గాక.