డ్రాగ్ కారుకు ఏ టార్క్ కన్వర్టర్?

ప్రశ్న: నా టర్బో వి8 కారు 800 హార్స్‌పవర్ ఇస్తోంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 402 మీటర్ల డ్రాగ్‌కి 5,000 ఆర్‌పీఎం స్టాల్ కన్వర్టర్ కొనమంటున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీనగర్ కాలనీ, హైదరాబాద్

జవాబు: ఆ ఒక్క అంకె చూసి కొనకండి. ఇంజిన్ టార్క్ పెరిగితే అదే కన్వర్టర్ స్టాల్ (కారు కదలకుండా పట్టి ఉంచినప్పుడు ఇంజిన్ చేరే గరిష్ఠ ఆర్‌పీఎం) కూడా పెరుగుతుంది. ముందు డైనో షీట్ (ఇంజిన్ పవర్, టార్క్ కొలతల పత్రం) తీయించండి. స్టార్ట్ లైన్ దగ్గరే బూస్ట్ అందుకుని, ఇంజిన్ గట్టిగా లాగే ఆర్‌పీఎంకి చేరేంత స్టాల్ ఉంటే చాలు. తక్కువైతే కారు మొదట్లోనే మందగిస్తుంది. ఎక్కువైతే పవరంతా ఆయిల్‌లో వేడిగా పోతుంది.

తయారీదారుకు డైనో షీట్‌తో పాటు కారు బరువు, టైరు ఎత్తు, డిఫరెన్షియల్ రేషియో, గేరు మార్చే ఆర్‌పీఎం రాసి పంపండి. ఈ పవర్‌కి రెక్కలు బ్రేజింగ్ చేసిన, యాంటీ బెలూనింగ్ ప్లేట్ ఉన్న కన్వర్టరే తీసుకోండి. విడిగా ఆయిల్ కూలర్ తప్పనిసరి.

బిగించాక ఫినిష్ లైన్ దగ్గర స్లిప్ చూడండి. టైరు, గేరు లెక్కన 6,600 ఉండాల్సినచోట ఇంజిన్ 7,000 చూపితే స్లిప్ దాదాపు 6 శాతం, అది బాగున్నట్టే. 10 శాతం దాటితే కన్వర్టర్‌ని టైట్ చేయించండి.

పరీక్షలు కాలనీ రోడ్ల మీద మాత్రం వద్దు. అనుమతి లేని రోడ్డు రేసింగ్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. పక్కవాళ్ల ప్రాణాలకూ ముప్పు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి ట్రాక్‌లో, అనుమతితోనే చేయండి.