చెవి దిబ్బడ, ముఖం నొప్పి – కారణం చెవిలోనే ఉందా?

"చెవి మూసుకుపోయినట్టుంది, దవడంతా లాగుతోంది" అని మీ ఇంట్లో ఎవరైనా వారాల తరబడి బాధపడుతున్నారా? వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయాలని వెంటనే తోస్తుంది. దయచేసి పోయకండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె లోపలికి దిగి హాని చేస్తుంది. పైగా ఇటువంటి నొప్పికి చాలాసార్లు కారణం చెవిలో ఉండనే ఉండదు.

ముక్కు వెనుక నుండి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంది. గుటక వేసినప్పుడు అది తెరుచుకుని చెవిలోకి గాలిని పంపుతుంది. వి.కోట నుండి పేర్ణాంబట్టుకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే తెరుచుకోవడం మీకు అనుభవమే. జలుబు, ఎలర్జీ వల్ల ఆ గొట్టం వాచిపోతే ఆ దిబ్బడ రోజుల తరబడి ఉండిపోతుంది. దానితోపాటు ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, వంగితే బుగ్గలు బరువెక్కడం ఉంటే సైనస్ వాపు కావచ్చు.

ఎక్కువమంది గమనించనిది దవడ కీలు. అది చెవికి సరిగ్గా ముందే ఉంటుంది. అక్కడ వేలు పెట్టి నోరు తెరిచి మూయమనండి. నొప్పితో పాటు టక్కుమని శబ్దం వస్తే కీలును అనుమానించాలి. నిద్రలో పళ్ళు కొరికేవారికి, రోజంతా వక్క నమిలేవారికి ఇది వస్తుంది. కొన్నాళ్ళు మెత్తని ఆహారం, వేడి కాపడంతో చాలామందికి తగ్గుతుంది. పుచ్చిన దవడ పన్ను కూడా చెవిపోటుగానే తోస్తుంది. కనుక పళ్ళ డాక్టరుకూ చూపించండి.

ఇక అశ్రద్ధ చేయకూడనివి. పొగాకు, గుట్కా నమిలేవారికి, బీడీ తాగేవారికి, మద్యం అలవాటున్నవారికి ఒకే చెవిలో నొప్పి 3 వారాలు దాటితే నోరు, నాలుక మొదలు, గొంతు తప్పక పరీక్ష చేయించాలి. గొంతుకూ చెవికీ నరాలు ఒకటే కాబట్టి, గొంతులోని క్యాన్సర్ పుండు చెవిపోటుగా బయటపడవచ్చు. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ కనిపించినా ఆలస్యం వద్దు.

షుగరు ఉన్నవారికి రాత్రి నిద్రపట్టనంత చెవిపోటు వచ్చి చీము కారుతుంటే, ముఖం ఒక పక్క తిమ్మిరెక్కినా, మూతి వంకరపోయినా, కన్ను వాచినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంతమంది కళ్ళు తీసిందో మనం చూశాం.

కుప్పం పి.ఇ.యస్. ఆసుపత్రిలోను, వేలూరు సి.యం.సి.లోను చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు షుగరు రిపోర్టులు, వాడుతున్న మందులు వెంట తీసుకువెళ్ళండి. ఏ పక్క నొప్పి, ఎప్పటి నుండి, నమిలే అలవాటు ఏమిటి అనేవి రోగి మొహమాటపడితే మీరే డాక్టరుతో చెప్పండి.